నాపా లోయలో విందుకు వెళ్లే ముందు: సందేహాలు - సమాధానాలు

పిల్లల దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లినవాళ్లు, వెళ్లబోతున్నవాళ్లు రాసిన ఉత్తరాలు ఈసారి చాలా వచ్చాయి. ఎక్కువ ఉత్తరాల్లో ఊరు ఒకటే, యౌంట్‌విల్. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తరంగా కారులో గంటన్నర వెళ్తే, నాపా లోయ నడుమ, చుట్టూ ద్రాక్షతోటలతో ఉండే చిన్న ఊరు అది. జనాభా మూడు వేల చిల్లర. ప్రపంచంలో పేరుమోసిన భోజనశాలల్లో ఒకటి అక్కడుంది. ఒకే రకం ప్రశ్నలు వేసిన ఉత్తరాలను కలిపేసి, ఒకదానికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రీమాంట్‌లో ఉంటాడు. మా నలభయ్యో పెళ్లిరోజని యౌంట్‌విల్‌లో ఫ్రెంచ్ లాండ్రీ అనే చోట టేబుల్ బుక్ చేసి, డబ్బు కూడా ముందే కట్టేశాడు. నేను గుడ్డు కూడా ముట్టను. మూడు గంటలు మంచినీళ్లు తాగుతూ కూర్చోవాలేమోనని బెంగగా ఉంది. వాడి సంబరం చూస్తుంటే ఈ మాట ఎత్తడానికి నోరు రావడం లేదు.
– ఒక అమ్మ, తెనాలి

జవాబు: చెప్పండమ్మా. ఈ రోజే చెప్పండి. మీరు ఆకలితో లేచి వచ్చారని తర్వాత తెలిస్తే మీ అబ్బాయికి ఎక్కువ బాధ.

ఫ్రెంచ్ లాండ్రీలో రోజూ రెండు మెనూలు ఉంటాయి. ఒక్కోదాంట్లో తొమ్మిది వంటకాలు. ఒకటి మాంసం, చేపలు ఉన్నది. రెండోది పూర్తిగా కూరగాయలది. మాంసం తీసేసి మిగిలింది వడ్డించే బాపతు కాదు ఇది. వేరుగా ఆలోచించి వండుతారు. రోడ్డు దాటితే వాళ్లదే మూడెకరాల కూరతోట ఉంది. పొద్దున కోసినవి సాయంత్రానికి పళ్లెంలోకి వస్తాయి. కాబట్టి శాకాహారికి అక్కడ చోటుంది.

చిక్కల్లా గుడ్డు దగ్గర వస్తుంది. అమెరికాలో వెజిటేరియన్ అంటే గుడ్డు, పాలు, వెన్న తింటారనే అర్థం. ఫ్రెంచి వంటలో గుడ్డు కనపడకుండా కలిసిపోతుంది. సబయోన్, హాలండేజ్ లాంటి సాస్‌లు పచ్చసొన లేకుండా లేవు. బ్రియోష్ బ్రెడ్డులో, అప్పటికప్పుడు కలిపి చేసే పాస్తాలో, కస్టర్డులో, ఐస్‌క్రీములో గుడ్డు ఉంటుంది. గుడ్డు ఒక్కటే అయినా సర్దుకోవచ్చు. కూరగాయల సూపులో కోడి ఎముకలు మరగబెట్టిన నీళ్లు పోయడం అక్కడి వంటిళ్లలో మామూలు. పన్నా కోటా లాంటి తీపి గట్టిపడటానికి జెలటిన్ వేస్తారు, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. పార్మిజానో రెజ్జానో చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తోనే. ఆ చీజ్‌కి ఉన్న నియమమే అది. వూస్టర్ సాస్‌లో ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది.

అందుకని ‘అమ్మ వెజిటేరియన్’ అని ఒక్క మాట రాస్తే చాలదు. ‘మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, మాంసం స్టాక్ వద్దు, జెలటిన్ వద్దు, రెన్నెట్ చీజ్ వద్దు. పాలు, వెన్న, పెరుగు తింటారు’ అని వరసగా రాయమనండి. ఉల్లి, వెల్లుల్లి తినకపోతే అదీ చేర్చండి. ఆ మాట ఇప్పుడే రాయాలి. విందుకు రెండు మూడు రోజుల ముందు ఫోన్ చేసి మళ్లీ చెప్పాలి. టేబుల్ దగ్గర కూర్చున్నాక మూడోసారి చెప్పాలి. కూర్చున్నాకే మొదటిసారి చెబితే వంటవాళ్ల చేతుల్లో ఏమీ ఉండదు, ఎందుకంటే సాస్‌కి స్టాక్ ముందు రోజే మరిగి ఉంటుంది.

గుడ్డు లేకుండా తొమ్మిది వంటకాలు కుదరవని వాళ్లు తేల్చి చెప్పే అవకాశమూ లేకపోలేదు. అలా చెప్పడం మర్యాదే, అలక్ష్యం కాదు. ముందే కట్టిన డబ్బు వెనక్కి రావడం కష్టమే గానీ, ఇలాంటి టికెట్లను వేరేవాళ్ల పేరుకు మార్చుకునే వీలు చాలా చోట్ల ఉంటుంది. ఆ పని చేసి, మీకు నప్పే ఇంకో చోట పెళ్లిరోజు జరుపుకోండి.

ప్రశ్న: నేను మాంసాహారినే. కానీ గొడ్డుమాంసం తినను. పచ్చి ఆయిస్టర్లు పెడతారని విన్నాను, వాటికీ జంకుగా ఉంది.
– పెద్దాపురం

జవాబు: కోడి, మేక తినే మనవాళ్లు సాధారణంగా ‘నో బీఫ్’ అని చెప్పి ఊరుకుంటారు. ఫ్రెంచి పద్ధతిలో చాలా సాస్‌లకు మూలం లేగదూడ ఎముకలు గంటల తరబడి మరిగించిన వీల్ స్టాక్. బాతు మాంసం మీద పోసిన సాస్‌లోనూ అది ఉండొచ్చు. ‘నో బీఫ్, నో వీల్, సాస్‌లోనూ వద్దు’ అని చెప్పండి.

ఇక ఆయిస్టర్ల మాట. ఫ్రెంచ్ లాండ్రీకి పేరు తెచ్చిన వంటకం ‘ఆయిస్టర్స్ అండ్ పెర్ల్స్’. అందులో ఆయిస్టర్లు పచ్చివి కావు, సన్నని వేడి మీద మగ్గినవి. పైన కేవియర్, అంటే ఉప్పులో ఊరిన స్టర్జన్ చేపగుడ్లు. ఆ రెంటికీ కింద ముత్యాల్లా ఉండేవి ఏమిటో తెలుసా? సగ్గుబియ్యం. కర్రపెండలం నుంచి సగ్గుబియ్యం తీసే మిల్లుల మధ్య ఉన్నవారు మీరు. మన ఇళ్లలో పాయసానికీ వడియాలకీ వాడే దినుసును వెన్న, పచ్చసొనలతో నురగలా చేసి, సముద్రపు ఉప్పదనానికి కింద మెత్తగా పరిచాడు అక్కడి షెఫ్ థామస్ కెల్లర్. అలర్జీ లేకపోతే ఒక చెంచా రుచి చూడండి. నచ్చకపోతే పక్కన పెట్టేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రశ్న: బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి తీసుకెళ్తానంటున్న చోట ఒక్కొక్కరికి నాలుగు వందల డాలర్ల పైమాటట. మా ఐదుగురికి అయ్యే డబ్బుతో ఇక్కడ పెళ్లిభోజనం పెట్టవచ్చు. మూడు వేల మంది ఉన్న పల్లెటూళ్లో ఇంత ధర ఏమిటి? మనుషుల గొప్పలకు పెట్టిన రేటు కాదా ఇది?
– హనుమకొండ

జవాబు: గొప్పల కోసం వెళ్లేవాళ్లు ఉంటారు మాస్టారూ. కానీ ఆ ధర ఎలా వచ్చిందో తెలుసుకుని నిర్ణయం తీసుకుంటే మీకూ తృప్తిగా ఉంటుంది.

నాపా లోయలో మొదట ద్రాక్ష నాటినవాడు జార్జ్ యౌంట్. 1836లో అతనికి అక్కడ భూమి దత్తమైంది. ఊరి పేరు అతనిదే. తర్వాత నూరేళ్లకు పైగా అది మామూలు వ్యవసాయపు ఊరు. 1920 నుంచి 1933 దాకా అమెరికా అంతటా మద్యనిషేధం ఉండటంతో వైన్ వ్యాపారం కుప్పకూలింది. 1966లో రాబర్ట్ మొండావి కొత్తగా వైనరీ కట్టేనాటికి ఆ లోయలో వాల్‌నట్, ప్లమ్ తోటలు కూడా బాగానే ఉండేవి. 1968లో జిల్లా పాలకులు చేసిన ఒక నిర్ణయాన్ని నేను అన్నిటికన్నా ముఖ్యమైనదిగా చూస్తాను. లోయలో నేలను వ్యవసాయానికే కేటాయిస్తూ, చిన్న ముక్కలుగా కోసి ఇళ్ల స్థలాలు చేయకుండా కట్టడి చేశారు. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల కొన్ని లోయలు ఇళ్లతో నిండిపోయినా, ఇక్కడ ఊళ్లు చిన్నవిగానే మిగిలాయి. ప్లేటులోని ముల్లంగికీ తోటకీ మధ్య ఒక్క రోడ్డు ఉండటానికి కారణం ఆ చట్టమే. నేల దొరక్కపోవడంతో ధర ఆకాశానికి వెళ్లడానికీ కారణం అదే.

1976 మే 24న పారిస్‌లో ఫ్రెంచి నిపుణులు పేర్లు కనపడకుండా కప్పిన సీసాల్లోంచి వైన్లు రుచి చూసి మార్కులు వేశారు. ఎరుపులో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్, తెలుపులో షాటో మాంటెలీనా మొదటి స్థానంలో నిలిచాయి. రెండూ నాపావే. అక్కడి నుంచి యాత్రికులు పెరిగారు. వచ్చినవాళ్లకు మంచి భోజనం కావాలి కదా.

ఆ భోజనం మొదట పెట్టినావిడ సాలీ ష్మిట్. యౌంట్‌విల్‌లో ఆవిడ నడిపిన ఒక ఫలహారశాల పేరు చట్నీ కిచెన్. 1978లో ఆవిడా, భర్త డాన్ కలిసి, ఒకప్పుడు సారాయి దుకాణంగానూ ఆ తర్వాత బట్టలుతికే లాండ్రీగానూ ఉన్న రాతి ఇంట్లో ఫ్రెంచ్ లాండ్రీ భోజనశాల తెరిచారు. రోజుకు ఒకటే మెనూ. టేబుల్ రాత్రంతా మీదే, లేవమని ఎవరూ అనరు. సాలీ చదువుకుని వచ్చిన షెఫ్ కాదు, అమ్మ దగ్గర వంట నేర్చుకున్న ఇల్లాలు. ఈ కథలో ఆవిడకు రావలసినంత పేరు రాలేదని నా బాధ. 1994లో థామస్ కెల్లర్ ఆ ఇల్లు కొన్నాడు. భోజనశాలలకు నక్షత్రాలు ఇచ్చే మిషెలిన్ గైడు అక్కడికి వచ్చిన మొదటి ఏడాదే మూడు నక్షత్రాలు ఇచ్చింది.

ఇప్పుడు ధర సంగతి. హాలులో సుమారు 60 మంది మాత్రమే పడతారు. ఒక కుటుంబం మూడు నాలుగు గంటలు కూర్చుంటుంది కాబట్టి రాత్రికి ఒక టేబుల్ మీద ఒకటి, మహా అయితే రెండు బిల్లులు. కాలిఫోర్నియాలో కనీస కూలి గంటకు 16 డాలర్ల పైన. వంటింట్లో, తోటలో, హాలులో, గిన్నెల దగ్గర ఉన్నవాళ్లందరి జీతాలూ ఆ కొద్ది బిల్లుల్లోంచే రావాలి. మెనూలో ఒక వంటకంలో వాడిన ముఖ్య దినుసు ఇంకో దాంట్లో రాకూడదని వాళ్ల నియమం, ఆ సరుకు వెతకడమే ఒక ఉద్యోగం. మీరు కట్టేది చాలావరకు మనుషుల శ్రమకు.

అంత మాత్రాన వెళ్లి తీరాలని నేను అనను. కడుపు నింపుకోవడానికి అది చోటు కాదు. వంటను ఒక కళగా చూడాలన్న కుతూహలం మీకు ఉంటే, అమ్మాయికి ఆ ఖర్చు భారం కాకపోతే, వెళ్లండి. మనసు ఒప్పకపోతే అదే ఊళ్లో అదే కెల్లర్ నడిపే బుషాన్ అనే బిస్ట్రోకి వెళ్దామనండి. ఈ ఖర్చులో నాలుగో వంతుకే అక్కడ బాగా తినవచ్చు. వెళ్తే ఒక్క జాగ్రత్త: మధ్యలో ‘కేవియర్ కావాలా, ట్రఫుల్ తురమమంటారా, వాగ్యూ వేయమంటారా’ అని అడుగుతారు. ఇవి ఉచితం కాదు, ఒక్కోటి పెద్ద మొత్తం. ధర చెప్పమని మొహమాటం లేకుండా అడగండి.

ప్రశ్న: పట్టుచీర కట్టుకోవచ్చా? ఆయన పంచె కట్టుకుంటానంటున్నారు.
– రాజమండ్రి

జవాబు: పట్టుచీర ఎంతో బాగుంటుంది. మగవాళ్లకు కొన్ని చోట్ల కోటు తప్పనిసరి. జీన్సు, షార్ట్సు, ఆటల బూట్లతో రానివ్వరు. పంచె సంగతి బుకింగ్ చేసినవాళ్లను ఒక ఈమెయిల్‌తో ముందే అడగమనండి. పంచె మీద జోధ్‌పురి కోటు వేసుకుంటే రెండు మర్యాదలూ తీరతాయి. శాలువా మరవకండి. పగలు ఎండ మండిపోయినా, పొద్దు వాలాక శాన్ పాబ్లో అఖాతం నుంచి చల్లగాలి, మంచు లోయలోకి ఎక్కుతాయి. ఆ చలి వల్లే అక్కడ ద్రాక్షకు పులుపు నిలుస్తుంది.

ప్రశ్న: ఇన్ని ఫోర్కులు, కత్తుల్లో ఏది ముందు?
– నిజామాబాద్

జవాబు: బయటి వైపు నుంచి లోపలికి. అంతే. పెద్ద రెస్టారెంట్లలో ఒక్కో వంటకానికి కావలసినవే తెచ్చి పెడతారు, కాబట్టి తప్పు చేసే వీలే తక్కువ. ఫ్రెంచ్ లాండ్రీలో మొట్టమొదట వచ్చే చిన్న కోన్ చేత్తో పట్టుకుని తినేదే. తినడం అయిపోయిందని చెప్పడానికి ఫోర్కూ కత్తీ పక్కపక్కన ప్లేటులో పెట్టేయండి.

ప్రశ్న: శాన్‌హోసేలో ఉద్యోగం. అత్తగారు, మామగారు, మావారితో నాపాలో డిన్నర్‌కి వెళ్తున్నాం. నా పేరు మీద బుకింగ్. సీసా తెచ్చి నా గ్లాసులో కొంచెం పోసి నిలబడితే నేనేం చేయాలి? మా అత్తగారు తాగరు, ఆవిడ ముందు గ్లాసు పెడితే ఇబ్బంది పడతారు.
– విజయవాడ ఆడపడుచు

జవాబు: మీ గ్లాసులో కొంచెం పోసేది వైన్ మీకు నచ్చిందా అని అడగడానికి కాదు. సీసా పాడైందేమో చూడమని. కార్క్ బిరడాల్లో ఒక్కోసారి టీసీఏ అనే రసాయనం చేరి వైన్‌కి తడిసిన అట్టపెట్టె వాసన తెస్తుంది. మొదట వాళ్లు చూపించిన సీసా మీద పేరు, సంవత్సరం మీరు అడిగినవేనా అని చూడండి. గ్లాసు ఒక చుట్టు తిప్పి వాసన చూడండి. పళ్ల వాసన వస్తే తల ఊపండి. చెమ్మగిల్లిన గోడ వాసన వస్తే ‘కార్క్ వాసన అనిపిస్తోంది, మీరొకసారి చూస్తారా’ అనండి. మంచి చోట మారు మాట్లాడకుండా సీసా మారుస్తారు. బిరడా ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేదు.

వైన్ సంగతులు చూసే మనిషిని సొమెలియే అంటారు. వాళ్ల దగ్గర తెలిసినట్టు నటించకండి, తెలియదని చెప్పడమే లాభం. ఎంత ఖర్చు పెట్టగలరో బల్ల దగ్గర అందరి ముందూ అనడం ఇష్టం లేకపోతే, జాబితాలో మీ స్థోమతకు తగ్గ ధర మీద వేలు పెట్టి ‘ఇలాంటిది చెప్పండి’ అనండి. వాళ్లకు అర్థమవుతుంది. దుకాణం ధరకు రెండు మూడు రెట్లు వేయడం మామూలు కాబట్టి ధర చూసి కంగారు పడకండి. సీసా 750 మిల్లీలీటర్లు, ఐదు గ్లాసులు వస్తాయి. అంత వద్దనుకుంటే సగం సీసా అడగండి, చాలా చోట్ల ఉంటుంది. ఇంటి నుంచి సీసా తీసుకెళ్లాలంటే కార్కేజ్ రుసుము ఉంటుంది. పెద్ద చోట్ల అది మీ సీసా ఖరీదునే మించవచ్చు.

అత్తగారి విషయం బుకింగ్‌లోనే రాయండి. మీరు రాకముందే ఆవిడ చోట ఉన్న వైన్ గ్లాసు తీసేస్తారు. ఉత్త మంచినీళ్లతో కూర్చోబెట్టకండి. చాలా రెస్టారెంట్లలో ప్రతి వంటకానికీ జోడీగా మద్యం లేని పానీయాలు ఇస్తున్నారు. ద్రాక్ష పచ్చిగా ఉన్నప్పుడు పిండిన పుల్లని రసం వెర్జూ అందులో ఒకటి. మెండొసినో జిల్లాలో నవారో అనే వైనరీ వైన్ ద్రాక్షతోనే పులియబెట్టని రసం చేసి సీసాల్లో అమ్ముతుంది, ఆవిడకు తప్పక నచ్చుతుంది.

శాకాహారులై వైన్ తాగేవాళ్లు తెలుసుకోవలసింది ఒకటుంది. వైన్‌ని తేటపరచడానికి కొన్ని చోట్ల కోడిగుడ్డు తెల్లసొన, చేప తిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ వాడతారు. బెంటొనైట్ మట్టితో తేటపరచినవీ ఉన్నాయి. సొమెలియేని అడిగితే చెబుతారు.

ప్రశ్న: మా అల్లుడు మంచివాడే. కానీ రెండు మూడు గ్లాసులు తాగి, ‘ఏం కాదు మామయ్యా’ అంటూ రాత్రి గంటన్నర కారు నడుపుతాడు. అల్లుడికి నేనెలా చెప్పను?
– పేరు వద్దన్నారు, నెల్లూరు

జవాబు: అల్లుడితో మాట అనడానికి మన ఇళ్లలో ఎంత జంకుతామో నాకు తెలుసు. అయినా ఈ ఒక్క విషయంలో జంకకండి. ఆ కారులో మీ కూతురు కూడా ఉంటుంది.

కాలిఫోర్నియాలో రక్తంలో మద్యం 0.08 శాతం ఉంటే నేరం. అంతకు తక్కువున్నా బండి నడిపే తీరు తేడాగా ఉంటే పోలీసు పట్టుకోవచ్చు. నాపా నుంచి వచ్చే రోడ్ల మీద, ముఖ్యంగా హైవే 29 మీద, రాత్రి పూట పోలీసుల కన్ను ఉంటుంది. ఇంకొక సంగతి మనవాళ్లు చాలామంది ఎరగరు. వీసా మీద ఉన్నవాళ్లు తాగి నడిపి అరెస్టయితే, కేసు తేలకముందే వీసాను రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకు ఉంది. 2015 నుంచి ఆ పని చేస్తోంది. హెచ్-1బీ, ఎఫ్-1 వాళ్లకు ఇది ఉద్యోగానికీ చదువుకీ ముప్పు.

వెళ్లే ముందు రోజే ఏర్పాటు చేసేయండి. ‘తిరుగు ప్రయాణం అమ్మాయి నడుపుతుంది, నువ్వు హాయిగా తాగు బాబూ’ అంటే అతనికి చిన్నతనం ఉండదు. లేదా నాపా పట్టణంలో ఆ రాత్రి గది తీసుకోండి. రాత్రి పదకొండు గంటలకు యౌంట్‌విల్‌లో ఊబర్ దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. చిన్న ఊరు అది, వచ్చేటప్పుడే తిరుగు బండి మాట్లాడుకోవాలి. ఆ ఊళ్లోనే బస చేస్తే టేబుల్ నుంచి మంచం దాకా నడిచే వెళ్లవచ్చు, కానీ గదుల అద్దె చాలా ఎక్కువ.

ప్రశ్న: మావారికి షుగర్, ఇన్సులిన్ తీసుకుంటారు. దొరికిన టేబుల్ రాత్రి 8.45కి.
– కర్నూలు

జవాబు: వీలుంటే మధ్యాహ్నానికో, సాయంత్రం ఐదింటికో మార్చండి. వంటకానికీ వంటకానికీ మధ్య పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. అసలైన ఆహారం కడుపులో పడేసరికి ఆలస్యమవుతుంది. ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత అనేది మీ డాక్టరు గారే చెప్పాలి, బయల్దేరే ముందే అడగండి. ఇన్సులిన్ మీద మద్యం పడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, కాబట్టి వైన్ గురించి కూడా ఆయన్నే అడగండి. కూర్చోగానే బ్రెడ్డు తెమ్మనండి. చివర్లో తీపి ఒక్కసారితో ఆగదు; పళ్లది, ఐస్‌క్రీముది, చాక్లెట్లు, డోనట్లు వరసగా వస్తాయి. ‘మధుమేహం ఉంది, తీపి బదులు చీజ్ లేదా పళ్లు’ అని బుకింగ్‌లోనే రాస్తే వాటిని మార్చి పెడతారు.

ప్రశ్న: ఆరేళ్ల మనవరాలిని తీసుకెళ్లవచ్చా?
– కరీంనగర్

జవాబు: మూడున్నర గంటల విందుకు వద్దు. పిల్లకూ శిక్ష, పక్క టేబుల్ వాళ్లకూ శిక్ష. యౌంట్‌విల్‌లోనే ఆడ్ హాక్ అనే చోట ఇంట్లో వడ్డించినట్టు పెద్ద గిన్నెల్లో తెచ్చి పెడతారు. అక్కడి వేయించిన కోడికి మంచి పేరు. బిస్ట్రో జాంటీలో టొమాటో సూపు పైన పఫ్ పేస్ట్రీ బూరెలా పొంగి వస్తుంది, పిల్లలు దాన్ని చెంచాతో పొడిచి సంబరపడతారు. బుషాన్ బేకరీలో మాకరాన్లు కొనివ్వండి. పెద్దవాళ్ల విందు ఇంకో రోజు, పాపను చూసుకునే మనిషి దొరికినప్పుడు పెట్టుకోండి.

ప్రశ్న: ముప్పయ్యేళ్లు అనాబ్-ఎ-షాహి పండించాను. అమ్మాయి నాపా తీసుకెళ్తోంది. నాకు భోజనం కన్నా తోట చూడాలని ఉంది. ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?
– ద్రాక్ష రైతు, హైదరాబాద్ శివారు

జవాబు: మీ ఉత్తరం చూసి నాకు ఎంత సంతోషమైందో. ఆ లోయను నాకన్నా మీరు బాగా చదవగలరు.

మీ పందిళ్లు అక్కడ కనిపించవు. తీగను నడుమెత్తు తీగెల మీద నిలువుగా పాకిస్తారు. కాయ చిన్నది, తోలు మందం, గింజ ఉంటుంది, తినడానికి కాదు. నాపాలో ఎక్కువ ఉన్నది కాబెర్నే సావిన్యాన్. ఎకరానికి మూడు నాలుగు టన్నులే తీస్తారు. అనాబ్-ఎ-షాహి దిగుబడి ఎరిగిన మీకు అది పంట పోయినట్టు అనిపిస్తుంది. కానీ నాపా కాబెర్నే సగటు ధర ఇటీవలి ఏళ్లలో టన్ను 8,000 డాలర్లు దాటింది. కాపు తగ్గిస్తే రుచి చిక్కబడుతుందని గుత్తులను పచ్చిగా ఉండగానే కోసి నేల మీద పారేస్తారు కూడా. అది చూస్తే మీ మనసు చివుక్కుమనవచ్చు.

మన దగ్గర తీగకు నిద్ర ఉండదు కాబట్టి ఏటా రెండుసార్లు కత్తిరించి ఒక పంట తీస్తారు. అక్కడ చలికాలం ఆకంతా రాలి తీగ నిద్రపోతుంది, జనవరి ఫిబ్రవరిల్లో ఒక్కసారే కత్తిరింపు. ఆ నెలల్లోనే వరసల మధ్య ఆవచెట్లు పసుపు పచ్చగా పూస్తాయి. మనుషులు తక్కువ, గదులూ చవక. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కోత. కాయ చల్లగా ఉండాలని రాత్రిళ్లు దీపాల వెలుగులో కోస్తారు, చాలావరకు మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాల కూలీలు. పని చూడాలంటే సెప్టెంబరు, తీగను చూడాలంటే ఫిబ్రవరి.

అంట్ల గురించి కూడా అడగండి. వేరును తినే ఫిలాక్సెరా పురుగును తట్టుకుంటుందని నమ్మి ఏఎక్స్ఆర్1 అనే వేరుమొక్క మీద అంట్లు కట్టారు. 1980లలో అది తట్టుకోలేకపోయింది. వేల ఎకరాలు పీకి మళ్లీ నాటారు. ఆ దెబ్బ గుర్తున్న రైతులు ఇంకా ఉన్నారు.

చాలా వైనరీలకు ముందుగా సమయం తీసుకునే వెళ్లాలి. బుక్ చేసేటప్పుడు ‘మా నాన్న ముప్పయ్యేళ్లు ద్రాక్ష పండించారు, వైన్ రుచి కన్నా తోట చూడాలి’ అని మీ అమ్మాయిని రాయమనండి. పెద్ద వైనరీల్లో కన్నా, సొంత తోట ఉన్న చిన్న కుటుంబాల దగ్గర ఆ మాటకు విలువ ఎక్కువ. మధ్యాహ్నం భోజనం ఏదైనా బిస్ట్రోలో కానిచ్చేయండి.

ప్రశ్న: టిప్పు ఎంత?
– ఖమ్మం

జవాబు: మామూలు చోట బిల్లు మీద 18 నుంచి 20 శాతం. ముందే డబ్బు కట్టే పెద్ద చోట్ల సర్వీస్ అందులోనే కలిసి ఉండవచ్చు. బిల్లులో ‘సర్వీస్ చార్జ్’ అనే వరస ఉందేమో చూసి, ఉంటే మళ్లీ ఇవ్వనక్కర్లేదు.

ప్రశ్న: కారం లేకపోతే నాకు ముద్ద దిగదు. చిన్న సీసాలో ఆవకాయ తీసుకెళ్తే తప్పా? మిగిలింది ప్యాక్ చేయమని అడగవచ్చా?
– గుంటూరు

జవాబు: ఆవకాయ గదిలోనే ఉంచండి. దాని ఘాటు నాలుగు టేబుళ్ల దాకా వెళ్తుంది, పక్కవాళ్లు ఏడాదిగా ఎదురుచూసిన విందు అది. పైగా పచ్చడి కలిపితే మీరు డబ్బిచ్చి చూడటానికి వచ్చిన రుచే మీకు తెలియదు. ‘మాకు కారం ఇష్టం’ అని బుకింగ్‌లో రాయండి. మిరియాలు, మిరప నూనె, నిమ్మ ఉన్నంతలో తెస్తారు. తిరిగొచ్చాక పెరుగన్నంలో ఆవకాయ నంజుకోండి.

మామూలు రెస్టారెంట్లలో మిగిలింది నిరభ్యంతరంగా అడగండి, డబ్బా ఇస్తారు. తొమ్మిది వంటకాల విందులో ఒక్కోటి మూడు నాలుగు చెంచాలే కాబట్టి మిగలదు. ఫ్రెంచ్ లాండ్రీలో వెళ్లేటప్పుడు షార్ట్‌బ్రెడ్ బిస్కట్లు ఇచ్చి పంపడం అలవాటు. ఆ రోజు మెనూ కాగితం ఇమ్మనండి, రద్దీ తగ్గాక వంటిల్లు చూపిస్తారా అని కూడా అడగండి, చాలా చోట్ల కాదనరు.

వైన్ మిగిలితే సీసాకి మళ్లీ బిరడా బిగించి ఇమ్మని అడగవచ్చు, కాలిఫోర్నియా చట్టం ఒప్పుకుంటుంది. అయితే ఆ సీసా కారు డిక్కీలోనే పెట్టాలి. ఒకసారి తెరిచిన సీసా సీట్ల దగ్గర కనిపిస్తే, నడిపేవాళ్లు చుక్క తాగకపోయినా జరిమానా పడుతుంది.